పధ్నాలుగో చెయ్యి

కాశీనగరం సంత కమిటీకి
మొత్తం ఇరవైయొక్క చేతులు.
మాటలు తెలుగులో, రాత ఒరియాలో.
ఆ రెండింటి మధ్య గుమస్తాని నేను, తవిటయ్యని.
నెలకి తొమ్మిదొందలు, మీటింగుకో టీ.

పుస్తకం మొదటి పేజీలో
నాకు ముందరి గుమస్తా గుండ్రటి రాత:
దుయి తృతీయాంశ.
మూడొంతుల్లో రెండొంతులు.
పధ్నాలుగు చేతులు లేస్తేగానీ
పన్ను మీద పైసా లేవకూడదు.

ఆ మాట ఊరికే రాలేదు.
ఒకప్పుడు పది మీద పదకొండుతో
గంపకి అర్ధరూపాయి పెంచీసినారు.
పదకొండూ కొట్ల చేతులే.
తెల్లారేసరికి ఆడోళ్లు
గుణుపురం బస్సుకడ్డంగా గంపలు బోర్లించి
మూడ్రోజులు కూకున్నారు.
చేపలు కుళ్లి, ఊరంతా కంపు.
నాలుగోనాడు షావుకార్లు ముక్కుకి తువ్వాలడ్డం పెట్టుకొచ్చి
ఏటి కావాలర్రా మీకు, అన్నారు.
ఎండుచేపల ఎర్నమ్మ లెగిసి నిలబడింది.
"గంప నెత్తికెత్తాలంటే ఇద్దరు పట్టాల గదా.
మా నెత్తిన పన్నెత్తాలంటే
పధ్నాలుగు మంది పట్టండి."

అప్పటికి నేను పుట్టలేదు.
విన్న కంపే నాది.

మొన్న బుధవారం, సంత విడిచాక, మీటింగు.
ఒక్కటే సంగతి:
ఆడోళ్లకి మరుగుదొడ్డి, దానికో బోరు.
కొట్టుకి నెలకి నలభై రూపాయలు.
ఇప్పుడు కమిటీలో గంపలు పదమూడు, కొట్లు ఎనిమిది.
లెక్క నాకు ముందే తెలుసు.
అయినా లేచి నిలబడి లెక్కపెట్టాల, అదీ రూలే.

పదమూడు చేతులు లేచాయి.
పసుపు చేతులు, పొలుసంటిన చేతులు,
గాజుల్లేని రెండు,
వేలు తెగిన ఒకటి.
కుర్చీల్లో ఎనిమిది జతలు మోకాళ్ల మీదే ఉన్నాయి.

బృందావన్ సాహు నవ్వాడు, చెడ్డ నవ్వేం కాదు.
"మీరు బిగించిన తాళమేనమ్మా ఇది.
మేం చెవి చేయించలేదు."

ఎనిమిదో కుర్చీలో ఎర్నమ్మ.
మూడేళ్లయింది ఆమెకి షట్టరొచ్చి.
పైన బోర్డు మీద అల్లుడి పేరు, కింద చిన్నక్షరాల్లో ఆమెది.
వెనకే నిలబడ్డాడు అల్లుడు, ఫోను చూసుకుంటా.

ఆమె చెయ్యి ఒళ్లోంచి కదిలింది.
కడుపు దాటింది.
భుజం దాకా వచ్చి
అక్కడ
ఆగింది.

కొంగు సర్దుకుంటోందో
ఓటేస్తోందో
ఎవరికెరుక.
గంపలన్నీ నా వైపు.
కుర్చీలన్నీ నా వైపు.
పదమూడుకీ పధ్నాలుగుకీ మధ్య
కలం కొన మీద సిరాబొట్టు వేలాడింది.
ఒక్క గీత గీసేస్తే బోరు పడిపోతుంది.
అబద్ధమని ఎవరు తేలుస్తారు,
సగం చెయ్యికి సాక్ష్యమేటి?

"అవ్వా, ఎత్తినట్టా?" అని అడిగాను.
ఆమె అల్లుడి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.
పుస్తకం వైపు చూసింది,
చదువు రాని కళ్లతో, మొదటి పేజీ ఎక్కడుందో తెలిసినట్టు.
"సగం ఎత్తితే గంప నేలబడతాది బాబూ.
ఎత్తలేదనే రాసుకో."
చెయ్యి కిందికి దిగింది.
దిగడానికి ఎంతసేపు పట్టిందో
అది రాయడానికి పుస్తకంలో గడి లేదు.

పదమూడు అని రాశాను.
వీగిపోయింది అని రాశాను.
మళ్లీ ఏడాది దాకా ఈ సంగతెత్తరాదు, అదీ రాశాను.
టీ చల్లారిపోయింది.

మర్నాడు ఇంకా చీకటుండగానే
పాల కేంద్రానికి సైకిలు మీద పోతున్నాను.
వంశధార గట్టు మలుపు తిరగ్గానే
నా లైటు పోయి వాళ్ల మీద పడింది.
అయిదారుగురు, చెంబులతో,
తుప్పల్లోంచి గబుక్కున లేచి నిలబడ్డారు.
చివర ఎర్నమ్మ.
షట్టరుంది గానీ షట్టరుకి దొడ్డి లేదు మరి.

వెలుగు కళ్లలో పడకుండా
ఆమె చెయ్యెత్తింది.
తలకంటే పైకి, అరచెయ్యి బార్లా చాచి,
మోచెయ్యి ఎక్కడా వంగలేదు.

లైటార్పి
సైకిలు దిగి
చీకట్లో నడిపించుకుపోయాను.
లెక్కపెట్టకూడదనుకుంటూనే
లెక్కపెట్టాను.